పీణ్యలో మాయమైన 14,800 కేజీల నైట్రోజన్

"అన్నా, మా నైట్రోజన్ ఎవరో తాగేస్తున్నారు."

ఫోన్‌లో స్టోర్స్ ఇన్‌ఛార్జి మొదటి మాట ఇది. ఆయనది హిందూపురం, నాది అనంతపురం. బెంగళూరు వచ్చి ఎన్నేళ్లయినా ఇద్దరం మాట్లాడుకుంటే సీమ యాసలోకి జారిపోతాం. ఫ్లో మీటర్లు, కంప్రెసర్ లైన్లు, గ్యాస్ లెక్కలు చూసిపెట్టడం నా పని. పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన పనిచేసే హీట్ ట్రీట్‌మెంట్ షాపుకు (ఫర్నేసులో వేడిచేసి లోహపు భాగాలను గట్టిపరిచే చోటు) కంప్రెసర్ల పని మీద అంతకుముందు రెండుసార్లు వెళ్లాను కూడా.

సంగతి ఇది. డిసెంబరులో సప్లయర్ 8 ట్యాంకర్ల ద్రవ నైట్రోజన్ పోశాడు. వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) చీటీలు కూడితే 84,000 కేజీలు. షాపులోకి వెళ్లే లైనులో ఉన్న మీటరు మాత్రం నెలంతా కలిపి 69,200 కేజీలే పోయిందంటోంది. తేడా 14,800 కేజీలు. అంటే 17.6 శాతం.

నేను వెళ్లేసరికి రెండు వారాలుగా లీకు వేట నడుస్తోంది. ప్రతి ఫ్లాంజికీ (పైపుల అతుకు), ప్రతి వాల్వుకీ సబ్బు నీళ్లు కొట్టారు. అద్దెకు అల్ట్రాసానిక్ డిటెక్టర్ తెచ్చి పైపు వెంబడి తిరిగారు. దొరికినవి మూడు చిన్న లీకులు. వాటిని బిగించాక కూడా తేడా అలాగే ఉంది. ఇక మిగిలింది సప్లయరే అనుకుని, కాటాలో మోసం ఉందని ఘాటుగా ఒక లెటర్ రాసి, బిల్లులో 15 శాతం ఆపేశారు. సప్లయర్ తన కాటా తనిఖీ సర్టిఫికెట్ జతచేసి అంతే ఘాటుగా జవాబిచ్చాడు. ఇంకో వారం ఇలాగే సాగితే ట్యాంకర్ ఆగిపోతుందని స్టోర్స్ ఆయన టెన్షన్. నైట్రోజన్ లేకపోతే ఫర్నేసులో పళ్లచక్రాలు నల్లగా పొలుసు కట్టి బయటికొస్తాయి.

ముందు ఒక మోటు లెక్క

నిజంగా లీకే అయితే అది ఎంత పెద్దది కావాలి? డిసెంబరులో 744 గంటలు. 14,800ని 744తో భాగిస్తే గంటకు దాదాపు 20 కేజీలు. ఆ లైనులో ఉండే ఆరు బార్ల చిల్లర (బయటి గాలి ప్రెషర్‌తో కలిపి) ప్రెషర్‌కు గంటకు 20 కేజీలు బయటికి పోవాలంటే రెండు, రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి. వినడానికి చిన్నదే. కానీ అంత రంధ్రంలోంచి ఆ ప్రెషర్‌లో గ్యాస్ తన్నుకొస్తుంటే ఆ ఈల షెడ్డు అవతలికి వినిపిస్తుంది. దానికి డిటెక్టర్ అక్కర్లేదు, చెవులుంటే చాలు. ద్రవాన్ని గ్యాస్‌గా మార్చే వేపరైజర్‌కు ముందు, ద్రవం ఉన్న వైపు కారుతుంటే మంచు గడ్డకట్టి తెల్లటి పొగ నేల మీద పాకుతుంది, వాచ్‌మన్‌కు కూడా కనిపిస్తుంది. మూసిన గదిలో అయితే ఇంకా ప్రమాదం. ఆక్సిజన్ 19.5 శాతం కిందికి పడితే అలారం మోగాలి. అక్కడ అలారాలు పనిచేస్తున్నాయి, ఒక్కటీ మోగలేదు.

కాబట్టి లీకు కాదు. ఈ లెక్కకు పది నిమిషాలు పట్టింది. రెండు వారాల సబ్బు నీళ్ల ముందు ఎవరో ఒకరు వేసి ఉండాల్సింది. అయితే నేనూ తక్కువేం తినలేదు. ఆ రోజు సగం పూట మీటరు మీదే పడి కూర్చున్నాను. వోర్టెక్స్ మీటరు, ఒక అంగుళం సైజు. మీటరు తన రీడింగును కరెంటు రూపంలో పంపే 4–20 మిల్లీ ఆంప్ సిగ్నల్‌నీ, దాన్ని అందుకుని లెక్కలు వేసే ప్యానెల్ కంప్యూటర్ పీఎల్‌సీలో పెట్టిన స్కేలునీ పోల్చాను. మీటరులో 20 మిల్లీ ఆంప్ అంటే గంటకు 50 క్యూబిక్ మీటర్లు, పీఎల్‌సీలోనూ 50. ముందూ వెనకా తిన్నటి పైపు చాలినంత ఉంది. మీటరు శుభ్రంగా ఉంది. భోజనాల టైమ్ అయింది, చేతిలో ఏమీ లేదు.

రెండు ఆఫీసులు, రెండు శాతాలు

దారి దొరికింది క్యాంటీన్‌లో. స్టోర్స్ ఆయనా, అకౌంట్స్ అమ్మాయీ చిత్రాన్నం ప్లేట్ల మధ్య వాదించుకుంటున్నారు. నష్టం 17.6 శాతం అని ఆయన, కాదు 16.2 అని ఆమె. ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి.

స్టోర్స్ కేజీల్లో చూస్తోంది. సప్లయర్ తూచేది కేజీల్లోనే అయినా బిల్లు వేసేది క్యూబిక్ మీటర్లలో, అందుకని అకౌంట్స్ అదే చూస్తోంది. బిల్లులో 70,900 క్యూబిక్ మీటర్లు, ప్లాంటు మీటరు స్క్రీను మీద 59,400.

నిజంగా గ్యాసే పోతే ఆ శాతం కేజీల్లో చూసినా, క్యూబిక్ మీటర్లలో చూసినా ఒకటే రావాలి. బియ్యం బస్తాలో పదో వంతు ఎలుకలు తింటే, శేర్లతో కొలిచినా కాటా మీద పెట్టినా పదో వంతే తగ్గుతుంది. ఇక్కడ రెండు అంకెలు వస్తున్నాయంటే సప్లయర్ క్యూబిక్ మీటరూ, ప్లాంటు క్యూబిక్ మీటరూ ఒకటి కావన్నమాట.

అక్కడే నాప్‌కిన్ మీద రాశాను. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుంటే చాలు. నైట్రోజన్ అణుభారం 28. సున్నా డిగ్రీల దగ్గర, సముద్ర మట్టపు వాతావరణ పీడనంలో ఒక మోల్ 22.4 లీటర్లు. 28ని 22.4తో భాగిస్తే 1.25. అంటే నార్మల్ క్యూబిక్ మీటరు నైట్రోజన్ 1.25 కేజీలు. అదే పీడనంలో ఉష్ణోగ్రత 15 డిగ్రీలైతే 273/288తో గుణించాలి: 1.185. 20 డిగ్రీలైతే 1.165. గ్యాస్ అదే, డబ్బా సైజు అదే, అందులో పట్టే సరుకు మాత్రం మూడు రకాలు.

ఇప్పుడు కాంట్రాక్టు కాగితం తీయించాను. సప్లయర్ పద్ధతి అందులో స్పష్టంగా ఉంది: 15 డిగ్రీలు, 1.013 బార్. 84,000ని 1.185తో భాగిస్తే 70,900. బిల్లు కరెక్ట్. ప్లాంటు స్క్రీను మీద మాత్రం 59,400 పక్కన 'నార్మల్' అని ఉంది, అంటే సున్నా డిగ్రీలు. కానీ 69,200ని 59,400తో భాగించి చూడండి: 1.165. సున్నా డిగ్రీల క్యూబిక్ మీటర్లను 20 డిగ్రీల సాంద్రతతో గుణిస్తోంది పీఎల్‌సీ.

స్టోర్స్ ఆయన కాసేపు నాప్‌కిన్ వైపు చూసి, "బొరుగులు శేరుతో కొలిచినట్టుంది కదన్నా. వాడు వదులుగా కొలిచాడు, మేం అదిమి కొలిచి వదులు శేరు బరువు కట్టాం" అన్నాడు. నేను ఇంజనీర్లకు ట్రైనింగ్ క్లాసుల్లో అరగంట చెప్పేది ఇదే.

పీఎల్‌సీ లోపల

17.6లో ఈ ఒక్క తప్పుతో 6 శాతం తేలింది. ఇంకా పది శాతం పైనే ఉంది. ప్రోగ్రామ్ చూసే కుర్రాడిది కర్నూలు, చురుకైనవాడు. ల్యాప్‌టాప్ తెచ్చి ఆ బ్లాక్ తెరిచాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వోర్టెక్స్ మీటరుకు గ్యాస్ బరువు తెలియదు. లోపల అడ్డుగా ఒక కడ్డీ ఉంటుంది, దాని వెనక లేచే సుడులను లెక్కపెడుతుంది, అంతే. సుడుల లెక్క వేగాన్ని చెబుతుంది, వేగాన్ని పైపు అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. అది కూడా ఆ క్షణాన ఆ పైపులో ఉన్న ప్రెషర్, ఉష్ణోగ్రతల దగ్గర. దాన్ని కేజీల్లోకి మార్చాలంటే అదే చోట సాంద్రత ఎంతో తెలియాలి. గంటకు కేజీలు అంటే సాంద్రత ఇంటూ గంటకు క్యూబిక్ మీటర్లు. ఫార్ములా ఇంతే. తలనొప్పంతా ఆ సాంద్రత ఎక్కడి నుంచి తెచ్చారన్నదే.

ఈ ప్లాంటులో దాన్ని కొలవడం లేదు. ప్రోగ్రామ్‌లో మూడు స్థిర సంఖ్యలు టైప్ చేసి ఉన్నాయి: గేజ్ ప్రెషర్ (బయటి గాలి ప్రెషర్ మీద ఎంత ఎక్కువో చెప్పేది) 5.0 బార్, దానికి కలపాల్సిన వాతావరణ పీడనం 1.013, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. చివర్లో మనకు తెలిసిన 1.165.

మొత్తం గుణిస్తే: 6.013ని 1.013తో భాగిస్తే 5.936. దాన్ని 273/303తో గుణిస్తే 5.348. దాన్ని 1.165తో గుణిస్తే 6.23. అంటే మీటరులోంచి పోయే ప్రతి క్యూబిక్ మీటరునూ పీఎల్‌సీ 6.23 కేజీలుగా రాసుకుంటోంది, పగలైనా రాత్రయినా.

"ఈ 30 డిగ్రీలు ఎవరు పెట్టారు?" అని అడిగాను.

"మేం పెట్టలేదు సార్. మా చెన్నై యూనిట్ ప్యానెల్‌లోదే ఇది. అక్కడ బాగా నడుస్తోందని అదే ప్రోగ్రామ్ ఇక్కడ దించారు."

చెన్నై అంబత్తూరులో ఉన్న ఆ ప్లాంటుకు 30 డిగ్రీలు, 1.013 బార్ అంటే సరిపోతాయి. సముద్రం పక్కన, ఎండల ఊరు. ఇది బెంగళూరు, అందులోనూ డిసెంబరు.

టెస్ట్ గేజ్, థర్మామీటరు తీసుకుని లైను దగ్గరికి వెళ్లాం. మీటరు పక్కన ప్రెషర్ 5.5 ఉంది, 5.0 కాదు. ఆగస్టులో లైను చివర కొత్త ఫర్నేసు పెట్టినప్పుడు దానికి ప్రెషర్ చాలడం లేదని మెయింటెనెన్స్‌లో ఎవరో రెగ్యులేటర్ అర బార్ పెంచారు. మంచి పనే, ఫర్నేసు బాగా నడిచింది. ప్రోగ్రామ్‌లో ఆ అంకె మార్చాలని ఎవరికి తడుతుంది?

ఉష్ణోగ్రత కోసం ఆ రాత్రి అక్కడే ఉండాల్సి వచ్చింది. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలది. బయట నిలబెట్టిన అల్యూమినియం రెక్కల వేపరైజర్‌లో గాలి వేడికే అది గ్యాస్‌గా మారుతుంది. రాత్రంతా లోడు మీద ఉంటే రెక్కల నిండా మంచు పేరుకుని, గ్యాస్ బాగా చల్లగా బయటికొస్తుంది. తెల్లవారి 5 గంటలకు పైపు మీద చెయ్యి పెడితే జివ్వుమంది. థర్మామీటరులో 6 డిగ్రీలు. మధ్యాహ్నం 3కి 25. ప్రవాహంతో కలిపి సగటు తీస్తే 17 డిగ్రీల దగ్గర తేలింది. చల్లటి గ్యాస్ చిక్కగా ఉంటుంది, క్యూబిక్ మీటరులో ఎక్కువ కేజీలు పడతాయి. 30 అనుకున్న పీఎల్‌సీకి అవేవీ లెక్కలోకి రాలేదు.

84,040 అనే అంకె

పొద్దున్న కాఫీ తాగుతూ కొత్త లెక్క వేశాను. 5.5కి 1.013 కలిపి 6.513. దాన్ని 1.013తో భాగించి, 273/290తో గుణించి, 1.25తో గుణిస్తే 7.57. పాత 6.23 స్థానంలో ఇది పెడితే నెల మొత్తం సుమారు 84,040 కేజీలు.

వేబ్రిడ్జి 84,000. నాది 84,040. కర్నూలు కుర్రాడు చప్పట్లు కొట్టాడు. నాకూ ఒక క్షణం గర్వంగానే అనిపించింది. కప్పు కింద పెట్టేలోపే అనుమానం మొదలైంది. లెక్క ఇంత బాగా కుదరకూడదు. ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ హోస్ చల్లబడేదాకా కొంత నైట్రోజన్ ఆవిరై పోతుంది. వాడకం తక్కువున్న ఆదివారం ట్యాంకులో ప్రెషర్ పెరిగి రిలీఫ్ వాల్వు ఉస్సుమంటుంది. ఇవేవీ మీటరుదాకా రావు. కాబట్టి మీటరు లెక్క కాటా కన్నా కొంత తక్కువే ఉండాలి. సమానంగానో, ఎక్కువగానో వచ్చిందంటే నా లెక్కలోనే ఎక్కడో తేడా ఉంది.

మళ్లీ చూస్తే దొరికింది. చెన్నై అంకెలన్నీ ఒక్కొక్కటే ఏరి పారేశానని అనుకుంటూ, 1.013ని మాత్రం నా చేత్తో నేనే మళ్లీ రాశాను. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ప్రెషర్ 0.91 బార్.

కుర్రాడు ఒప్పుకోలేదు. ఫోన్‌లో వాతావరణం యాప్ తీసి చూపించాడు: "చూడండి సార్, ఇప్పుడు బెంగళూరులో 1014 మిల్లీబార్. 1.013 అంటే కరెక్టే కదా."

ఇది చాలామంది పడే గుంత. వాతావరణ శాఖలు ప్రెషర్‌ను సముద్ర మట్టానికి సరిచేసి చెబుతాయి. అలా చేయకపోతే ఊటీ, చెన్నై, బెంగళూరు అంకెలను పక్కపక్కన పెట్టి వాయుగుండం ఎక్కడుందో చూడలేరు. అది వాతావరణానికి పనికొచ్చే అంకె, పైపుకు కాదు. అతని ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉంది. దాన్ని నేరుగా చదివే ఇంకో యాప్ దించుకోమన్నాను. 911 చూపించింది. కుర్రాడు ఫోన్ తిప్పి, ఊపి, మళ్లీ చూశాడు. 911.

అయితే ఫార్ములాలో 1.013 రెండు చోట్ల ఉంది. రెండిటినీ మార్చకూడదు. గేజ్ ప్రెషర్‌కు కలిపేది ఈ ఊరి గాలి ప్రెషర్, అది 0.91 కావాలి. కింద భాగించేది మాత్రం 'నార్మల్' నిర్వచనంలోది. అది బెంగళూరులోనూ 1.013యే, ఎవరెస్టు మీదా 1.013యే. రెండూ మార్చేసి కొత్త తప్పు చేసినవాళ్లను నేను చూశాను.

సరైన లెక్క: 6.41ని 1.013తో భాగిస్తే 6.328. దాన్ని 273/290తో గుణిస్తే 5.957. దాన్ని 1.25తో గుణిస్తే 7.45. నెల మొత్తం సుమారు 82,700 కేజీలు. కాటాతో తేడా 1,300, అంటే ఒకటిన్నర శాతం. ఇది నమ్మదగిన అంకె. ఈ ప్రెషర్‌లో నైట్రోజన్ ఆదర్శ వాయువు నుంచి పక్కకు జరిగేది 0.2 శాతమే కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. వంద బార్ల లైనైతే ఊరుకోను.

మీటరు చూపిన అంకె మీద విడివిడిగా లెక్కగడితే, సాంద్రత అంకె వల్ల 7.3 శాతం, పెరిగిన రెగ్యులేటర్ వల్ల 8.3, ఉష్ణోగ్రత వల్ల 4.5 తక్కువ చూపిస్తోంది మీటరు. ఊరి ఎత్తు మాత్రం ఎదురు దిక్కున 1.6 శాతం ఎక్కువ చూపించి, మిగతా తప్పులను కొంచెం కప్పిపెట్టింది.

సరిచేసింది

కొత్త అంకెలు టైప్ చేసి వెళ్లిపోవచ్చు. కానీ ఏప్రిల్ వస్తే ఆ 17 డిగ్రీలు మళ్లీ తప్పే. ఎవరో రెగ్యులేటర్ ముట్టుకుంటే 5.5 కూడా తప్పే. నేరుగా కేజీలు కొలిచే కొరియాలిస్ మీటరు గురించి మేనేజరు అడిగారు. మంచిదే, కానీ ఉన్న మీటరు ఆరోగ్యంగా ఉండగా అంత ఖర్చు ఎందుకన్నాను. ఒక అబ్సల్యూట్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, ఉష్ణోగ్రత కొలిచే ఒక పీటీ-100 సెన్సర్, మీటరు తర్వాత తయారీదారు చెప్పిన దూరంలో పెట్టించాను. గేజ్ ట్రాన్స్‌మిటర్ కాకుండా అబ్సల్యూట్‌దే కావాలని పట్టుబట్టాను. అది సున్నా నుంచి కొలుస్తుంది కాబట్టి ఊరి ఎత్తు గోల ప్రోగ్రామ్‌లోకి రానే రాదు. స్క్రీను మీద అంకె పక్కన '0 డిగ్రీలు, 1.013 బార్' అని పూర్తిగా రాయించాను. ఉత్త 'క్యూబిక్ మీటర్లు' అని రాస్తే అది ఎంత గ్యాసో ఎవరికీ తెలియదు.

జనవరిలో ట్యాంకు లెవెల్ ఒకేచోట ఉన్న రెండు రోజులు చూసుకుని, మధ్యలో పోసిన మూడు ట్యాంకర్లతో సరిపోల్చాం. కాటా 31,400, మీటరు 30,950. తేడా 1.4 శాతం. వోర్టెక్స్ మీటరుకే ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది. పైగా ఆదివారాలు ఫర్నేసులకు సన్నగా వదిలే నైట్రోజన్ మీటరు కనీస ప్రవాహానికి కూడా అందదు, అది సున్నా చూపిస్తుంది. ఇంతకన్నా గీకి ప్రయోజనం లేదని అక్కడితో ఆపేశాం. ఆపిన 15 శాతం బిల్లు చెల్లించారు. సప్లయర్‌కు రాసిన రెండో లెటర్ మొదటిదానికన్నా చాలా చిన్నది.

రిపోర్టు ఒక కాపీ అంబత్తూరు యూనిట్‌కు కూడా వెళ్లింది. అక్కడి మెయింటెనెన్స్ మేనేజరుది నెల్లూరు. వారం తర్వాత మర్యాదగా ఫోన్ చేశారు. "మాకు ఈ సమస్య లేదండీ. మా దగ్గర తేడా ఎనిమిది శాతం దాకా వస్తుంది, అది ట్యాంకు ఆవిరి నష్టం కింద ప్రతి నెలా రాసేస్తాం. ఏళ్లుగా అంతే వస్తోంది, నిలకడగా ఉంది" అన్నారు.

పీఎల్‌సీలో చివరి గుణకం ఎంత ఉందో ఒక్కసారి చూసి చెప్పమన్నాను. లైనులోనే ఉండమన్నారు. కీబోర్డు చప్పుడు వినిపించింది.

"1.165 అండీ."